ఊళ్లలో బీపీ కొలిచి లెక్క తేల్చడం: నా అనుభవం

ఆరోగ్య శిబిరంలో పై బీపీ 150 వచ్చినవాళ్లను వందమందిని ఏరి రాసిపెట్టుకోండి. వాళ్లకు బిళ్ల ఇవ్వకుండా, సలహా చెప్పకుండా నెల తరవాత మళ్లీ కొలవండి. సగటు తగ్గి కనిపిస్తుంది. ఊరి మొత్తం సగటు 128, ఒకే మనిషికి రెండు వేరువేరు రోజుల్లో తీసిన రీడింగుల మధ్య సహసంబంధం (రెండూ ఎంతవరకు కలిసి నడుస్తాయన్న కొలత, పూర్తిగా కలిస్తే 1) 0.7 అనుకుంటే, 150 వచ్చినవాళ్ల రెండో రీడింగు సగటున 128 + 0.7 × 22, అంటే 143 పైచిలుకు ఉంటుంది. ఏ వైద్యమూ లేకుండానే దాదాపు ఏడు పాయింట్లు పోయాయి. ఎండలో నడిచి వచ్చినవాళ్లు, రాత్రి నిద్ర లేనివాళ్లు, క్యూలో కోపం తెచ్చుకున్నవాళ్లు ఆ రోజుకి 150 దాటారు, మరో రోజు వాళ్ల మామూలు స్థాయికి దిగారు.

ఉప్పు తగ్గించమని ఇంటింటికీ తిరిగి చెప్పే కార్యక్రమం నడిపి, ఇలా బీపీ ఎక్కువ వచ్చినవాళ్లను ఏరి ముందూ తరవాతా కొలిచి "ఇంత తగ్గించాం" అని రాసే ప్రతి నివేదికలోనూ ఇలాంటి పాయింట్లు కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయాలంటే అదే పద్ధతిలో ఏరిన మనుషులు, అదే నెలల్లో కొలిచిన ఊళ్లు, కార్యక్రమం జరగనివి, పక్కన ఉండాలి. కంట్రోల్ గ్రూపు కావాలనేది ఇందుకే.

గ్రామాల్లో ఇలాంటి ట్రయల్ నడిపేటప్పుడు పని ఏ వరసలో సాగుతుందో, ఎక్కడ చెడుతుందో రాస్తున్నాను. ఉదాహరణ అంతటా ఒకటే: ఆశా కార్యకర్త నెలకోసారి ఇంటికి వెళ్లి ఉప్పు తగ్గించడం గురించి, బీపీ బిళ్లలు మానకుండా వేసుకోవడం గురించి మాట్లాడుతుంది. ఏడాది తరవాత పై బీపీ ఎంత తగ్గిందన్నది ప్రశ్న.

ప్రశ్న ఒక్కటే ఉండాలని పట్టుబట్టడం మొదటి పని. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై ఫలితాలు అడ్డంగా కొలిచి, ఒక్కొక్కదానికి 5 శాతం హద్దు (లేని ప్రభావం ఉన్నట్టు పొరబడే అవకాశం) పెట్టుకుంటే, కార్యక్రమం ఏ పనీ చేయకపోయినా కనీసం ఒకటి "పనిచేసింది" అని తేలే అవకాశం 64 శాతం. అందుకే ముఖ్య ఫలితం ఏదో, ఎప్పుడు కొలుస్తామో, ఎలా లెక్కిస్తామో ముందే రాసి, మన దేశంలో ట్రయళ్లను నమోదు చేసే సీటీఆర్ఐలో రిజిస్టర్ చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ మొదటి మనిషిని చేర్చుకోకముందే నమోదు చేయాలి, తరవాత ఒప్పుకోరు. ఎథిక్స్ కమిటీ అనుమతి, ఆ నమోదు రెండూ చేతికి వచ్చేదాకా ఊళ్లోకి మిషన్ పట్టుకుని వెళ్లకూడదు.

తరవాత ఎంతమంది కావాలన్న లెక్క. మనిషికీ మనిషికీ బీపీలో తేడా, అంటే ఎస్డీ, 20 పాయింట్లు అనుకుందాం. 5 పాయింట్ల తగ్గుదల నిజంగా ఉంటే నూటికి ఎనభైసార్లు పట్టుకోవాలి. కార్యక్రమం వైపూ కంట్రోల్ వైపూ ఒక్కో వైపు 2 × 7.85 × 400 ÷ 25, అంటే 251 మంది. ఇందులో 400 అంటే 20 × 20, 25 అంటే 5 × 5, 7.85 ఆ 5 శాతం హద్దుకీ ఈ ఎనభైకీ కలిపి వచ్చే అంకె. చాలా ప్రాజెక్టులు ఇక్కడే ఆగిపోయి దెబ్బతింటాయి. కార్యక్రమం ఎవరికి, కంట్రోల్ ఎవరు అన్నది తేల్చడానికి మనం మనుషుల్ని విడివిడిగా లాటరీ వేయడం లేదు, ఊళ్లకు ఊళ్లు వేస్తున్నాం. ఒక ఊరివాళ్లు తాగే నీళ్లు ఒకటే, ఉప్పు కొనే కిరాణా కొట్టు ఒకటే, సూది మందు వేయించుకునే ఆర్‌ఎంపీ ఒకడే. వాళ్ల బీపీలు కాస్త ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆ పోలికను 0.03 అనుకుని, ఊరికి 30 మందిని తీసుకుంటే, 1 + 29 × 0.03, అంటే 1.87 రెట్లు మంది కావాలి. 251 కాస్తా 470 అవుతుంది. ఒక్కో వైపు 16 ఊళ్లు, మొత్తం 32.

అప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు: "ఊళ్లు తగ్గించి, ఊరికి అరవై మందిని కొలిస్తే డీజిల్ ఖర్చు మిగులుతుంది కదా?" లెక్క వేసి చూపించాలి. ఊరికి 60 మంది అయితే రెట్లు 2.77కి పెరుగుతాయి, కావాల్సింది 695 మంది, ఒక్కో వైపు 12 ఊళ్లు. నాలుగు ఊళ్లు తగ్గించుకోవడానికి ఒక్కో వైపు 240 మందిని అదనంగా కొలవాలి. ఊరి లోపల మనుషుల్ని పెంచడం కన్నా ఊళ్లను పెంచడమే చాలాసార్లు లాభం. ఏడాదిలో వలస పోయేవాళ్లు, పిల్లల దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయేవాళ్లు, చనిపోయేవాళ్లు కలిపి 15 శాతం పోతారనుకుని ఊరికి 36 మందిని చేర్చుకుంటే చివరికి ముప్ఫై మంది మిగులుతారు.

కొలిచేది బీపీ కాబట్టి 32 ఊళ్లతో సరిపోయింది. పక్షవాతం కొలవాలంటే అది ఏడాదికి కొద్దిమందికే వస్తుంది. చైనా గ్రామాల్లో పొటాషియం కలిపిన ఉప్పుతో చేసిన ట్రయల్‌కి, 2021లో ఫలితాలు వచ్చినదానికి, 600 ఊళ్లు, 20,995 మంది అవసరమయ్యారు. అక్కడ పక్షవాతం 14 శాతం తగ్గింది. అలాంటి ఉప్పునే మన దగ్గర పంచాలనుకునేవాళ్లు కిడ్నీ సంగతి ముందు చూడాలి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల ఒంట్లో పొటాషియం పేరుకుపోతే గుండెకి ప్రమాదం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అయితే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష రక్తంలో చేయకుండా ఒక్క ప్యాకెట్ కూడా చేతికి ఇవ్వకూడదు.

లాటరీ వేసేది ఊళ్లకా, సబ్‌సెంటర్లకా, పీహెచ్‌సీలకా అన్నది తేల్చుకోవాలి. పక్కపక్క ఊళ్లు రెండూ ఒకే ఏఎన్‌ఎం కింద ఉండి, ఒకటి కార్యక్రమంలోకీ ఇంకొకటి కంట్రోల్‌లోకీ పడితే, ఆమె నేర్చుకున్నది రెండు ఊళ్లలోనూ చెబుతుంది. చెప్పొద్దని ఆమెను ఆపడం తప్పు కూడా. అందుకని ఒక సబ్‌సెంటర్ పరిధిలో ఒక్క ఊరినే తీసుకోవాలి, ఆ ఊరికీ పక్క సబ్‌సెంటర్ ఊరికీ ఒకే సంత కాకుండా చూసుకోవాలి.

తెలంగాణలో దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్లలో, 15 ఊళ్లు ఒకవైపు, 14 ఊళ్లు ఒకవైపు, గర్భిణులకూ చిన్నపిల్లలకూ రోజూ ఉప్మా పెట్టే ఐసీడీఎస్ (అంగన్‌వాడీ) కార్యక్రమం ఫలితాన్ని కొలిచారు. పథకం అప్పటికే మొదలైన ప్రాంతం ఒకటి, ఇంకా మొదలుకాని పక్క ప్రాంతం ఒకటి. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్లు వచ్చాక మళ్లీ వెతికి 1,165 మందిని కొలిస్తే, ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నారు. ఇన్నేళ్ల తరవాత అంతమందిని పట్టుకోవడం చాలా గొప్ప పని. కానీ లెక్కల మనిషి కళ్లకు అక్కడ 29 ఊళ్లకన్నా ముందు రెండు ప్రాంతాలు కనపడతాయి. ఆ రెండు ప్రాంతాలకూ పంటలోనో, పట్నానికి దగ్గరతనంలోనో ముందునుంచే తేడా ఉంటే దాన్ని ఉప్మా నుంచి విడదీయడం కష్టం. పథకం ఎలాగూ దశలవారీగా వస్తున్నప్పుడు, ముందు ఏ ఊళ్లకు ఇవ్వాలో లాటరీ వేయమని అధికారుల్ని ఒప్పించగలిగితే ఈ చిక్కు ఉండదు. ఖర్చు కూడా పెరగదు.

లాటరీ ఎప్పుడు తీయాలన్నది ఎలా తీయాలన్నదానికన్నా ముఖ్యం. అన్ని ఊళ్లలోనూ మనుషుల జాబితా పూర్తయి, మొదటి కొలతలు ముగిశాకే తీయాలి. ముందే తీస్తే, తమ ఊరు కార్యక్రమంలో ఉందని తెలిసిన కార్యకర్త మాట వినే మనుషుల్ని చేరుస్తుంది, కంట్రోల్ ఊరి కార్యకర్త ఇంట్లో ఎవరు దొరికితే వాళ్లను రాసుకుంటుంది. కావాలని చేయరు, అయినా అలాగే జరుగుతుంది.

జాబితా దగ్గర ఇంకో ప్రమాదం. ఆశా రిజిస్టర్, అంగన్‌వాడీ రిజిస్టర్, ఓటర్ల జాబితా మూడూ పక్కన పెట్టుకుని ఊరి పటం గీయాలి. రోడ్డుకి దూరంగా ఉన్న తండా, చెరువు కట్ట అవతలి ఎస్సీ కాలనీ, కొత్తగా వేసిన ఇందిరమ్మ ఇళ్లు ఏదో ఒక దాంట్లో లేకుండా పోతాయి. ఇల్లు ఎంపిక చేశాక తాళం ఉందని పక్కింటికి వెళ్లడం అసలు పనికిరాదు. పగలు ఇంట్లో దొరికేవాళ్లు ముసలివాళ్లు, జబ్బుతో ఉన్నవాళ్లు, ఇల్లు కదలని ఆడవాళ్లు. కూలికి పోయేవాళ్ల బీపీ వేరు, ఉప్పు వాడకం వేరు. తెల్లవారి ఆరున్నరకు ఒకసారి, సాయంత్రం ఆరు దాటాక ఒకసారి, ఆదివారం ఒకసారి వెళ్లాలి. మూడుసార్లూ దొరక్కపోతే "దొరకలేదు" అని రాయాలి తప్ప పేరు మార్చకూడదు.

వయసు అడిగితే 45, 50, 60 అనే అంకెలే కుప్పలుగా వస్తాయి. ఆధార్ కార్డులో జనవరి 1 పుట్టినరోజులు ఎన్ని ఉంటాయో చూసినవాళ్లకు కార్డు మీద నమ్మకం ఉండదు. గోదావరి పక్కల పుష్కరాలు బాగా పనిచేస్తాయి: 1979, 1991, 2003, 2015. కృష్ణ వైపు అయితే 1980, 1992, 2004, 2016. "పెళ్లయిన తరవాత మొదటి పుష్కరాలకు ఒళ్లో బిడ్డ ఉందా అమ్మా?" అని అడిగితే ఒకటి రెండేళ్ల తేడాతో వయసు తేలుతుంది. కృష్ణా జిల్లా తీరంలో 1977 దివిసీమ ఉప్పెన, అన్నిచోట్లా ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయిన 1983.

ఇక అసలు కొలత. ట్రయల్ మొత్తం ఈ పదిహేను నిమిషాల మీద నిలబడి ఉంటుంది.

అరుగు మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్న పెద్దావిడకు అక్కడే కఫ్ చుట్టేస్తే వచ్చే అంకె పనికిరాదు. వీపుకి ఆనుడు ఉన్న కుర్చీ కావాలి. మా సంచిలో మడత కుర్చీ తప్పనిసరి, ఎందుకంటే చాలా ఇళ్లలో ఉండేది స్టూలో, నులక మంచమో. పాదాలు నేలకు ఆనాలి, కాళ్లు ఒకదానిమీద ఒకటి ఉండకూడదు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. చెయ్యి గుండె కన్నా 10 సెంటీమీటర్లు కిందకు ఉంటే రీడింగు దాదాపు 8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. మనం ఏడాదంతా కష్టపడి వెతుకుతున్న తేడాయే 5 పాయింట్లు. బల్ల లేకపోతే రెండు దిండ్లు, మడిచిన దుప్పటి సరిపోతాయి.

అరగంట ముందునుంచీ టీ, చుట్ట, బీడీ ఉండకూడదు. మూత్రానికి వెళ్లి రమ్మని చెప్పాలి. ఇది అడగడానికి మగ కార్యకర్తలు మొహమాటపడతారు, అందుకే జట్టులో ఆడవాళ్లు తప్పక ఉండాలి. రవిక చెయ్యి బిగుతుగా పైకి మడిస్తే కఫ్ పైన ఇంకో కట్టు కట్టినట్టే, పలచటి నూలు గుడ్డ అయితే దాని మీదే చుట్టడం నయం. టేపుతో చెయ్యి చుట్టుకొలత ముందే తీసుకోవాలి. మేం వాడే మిషన్లకు మీడియం కఫ్ 22 నుంచి 32 సెంటీమీటర్లకు, పెద్దది 32 నుంచి 42కి. పొలం పని చేసి చిక్కిపోయిన ముసలివాళ్ల చెయ్యి 20 కూడా ఉండదు, వాళ్లకు మీడియం కఫ్ వేస్తే బీపీ తక్కువ చూపిస్తుంది. చిన్న కఫ్ జట్టుకి ఒకటి ఇవ్వాలి. బజారులో మిషన్‌తో పాటు అది రాదు, విడిగా కొనాలి.

అప్పుడు: "పెద్దమ్మా, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. మీరూ మాట్లాడొద్దు, నేనూ మాట్లాడను." చెప్పడం తేలిక. కార్యకర్త ఫోను చూసుకుంటూ రెండు నిమిషాలకే మీట నొక్కేస్తుంది. అందుకని టైమర్ ట్యాబ్‌లోనే పెట్టాం, అయిదు నిమిషాలు కాకుండా రీడింగు రాసే గడి తెరుచుకోదు. మొదటి రీడింగు రాగానే ఆవిడ అడుగుతుంది: "ఎంతుంది బాబూ?" "162" అన్నామంటే రెండో రీడింగు చెడిపోయినట్టే. "మూడూ అయ్యాక చెబుతానమ్మా" అనాలి, మిషన్ అద్దాన్ని మనవైపు తిప్పి పెట్టుకోవాలి. నిమిషం తేడాతో మూడుసార్లు తీసి, మొదటిది వదిలేసి, తరవాతి రెండింటి సగటు తీసుకుంటాం.

180/110 దాటితే ఆ రోజే పీహెచ్‌సీకి పంపాలి, కార్యక్రమం ఊరైనా కంట్రోల్ ఊరైనా. అలా పంపడం వల్ల రెండు వైపుల మధ్య తేడా కొంచెం తగ్గుతుందని తెలిసినా సరే.

కొలిచేవాళ్లు, సలహా చెప్పేవాళ్లు ఒకరే కాకూడదు. తను ఏడాది పాటు చెప్పిన మాట ఫలించాలని కోరుకునే మనిషి చేతికి మిషన్ ఇస్తే, 141 వచ్చినప్పుడు "ఇంకోసారి చూద్దాం" అంటుంది, 138 వచ్చినప్పుడు అనదు.

రుతువును మరిచిపోతే అంతా పోతుంది. చలికాలంలో బీపీ పెరుగుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. డిసెంబరులో మొదటి కొలత, మే నెలలో చివరి కొలత పెట్టుకుంటే రామగుండం ఎండే సగం వైద్యం చేసేస్తుంది. పన్నెండు నెలల తేడా అందుకే. ఇంకా ముఖ్యం, ఊళ్ల వరస. లాటరీ తరవాత చివరి కొలతలకు వెళ్లేటప్పుడు ఒక వారంలో రెండు వైపుల ఊళ్లూ సమానంగా ఉండేలా జతలు కట్టుకుని తిరగాలి.

ప్రశ్నలు అడగడం బీపీ కొలవడం కన్నా కష్టం. తెలుగులో "మందు" అంటే వైద్యం మందూ, తాగే మందూ. "మందు తీసుకుంటున్నారా?" అని అడిగితే కొందరు మగవాళ్లు "అబ్బే, మానేశానండీ" అంటారు, దేని గురించి అన్నారో మనకు తెలియదు. "బీపీ బిళ్ల" అనాలి, తెలంగాణలో "గోళీ" అనాలి. "రోజూ వేసుకుంటున్నారా?" అన్నదానికి జవాబు దాదాపు ఎప్పుడూ "వేసుకుంటున్నా" అనే ఉంటుంది. చెప్పకుండా వెళ్లి "బిళ్లల అట్ట ఓసారి చూపిస్తారా?" అని అడిగి లెక్కపెట్టాలి. 28 రోజుల కిందట 30 బిళ్లలు ఇచ్చి, ఇప్పుడు 9 మిగిలితే, 21 ÷ 28, అంటే 75 శాతం. మొగుడూ పెళ్లాం ఇద్దరికీ ఒకే బిళ్ల రాసి ఉంటే రెండు అట్టలూ కలిపే అడగాలి, అవి ఇంట్లో ఒకే డబ్బాలో ఉంటాయి.

తాగుడు గురించి సూటిగా అడిగితే ఇంటి ఆడవాళ్ల ముందు ఎవరూ నిజం చెప్పరు. జాబితా పద్ధతి ఉంది. సగం మందికి నాలుగు వాక్యాలు చదువుతాం: ఈ వారం సంతకు వెళ్లాను, బస్సెక్కాను, టీవీలో సినిమా చూశాను, చుట్టాలింటికి వెళ్లాను. ఏవో చెప్పొద్దు, ఎన్నో చెప్పమంటాం. మిగతా సగానికి అయిదోది కలుపుతాం: సారా గానీ బ్రాందీ గానీ తాగాను. మొదటి సగటు 2.1, రెండోది 2.4 వస్తే 30 శాతం మంది తాగుతున్నట్టు. అయిదుకి అయిదూ అన్నవాళ్లది తప్ప ఏ ఒక్కరి గుట్టూ బయటపడదు. కానీ దీని ఖరీదు చూసుకోవాలి. ఒక్కో సగంలో 250 మంది, జవాబుల ఎస్డీ 1 అయితే, ఆ 30 శాతానికి అటూ ఇటూ 17 పాయింట్ల పైనే అనిశ్చితి. ఊరి స్థాయిలో అంచనాకు ఇది చాలదు, మొత్తం జిల్లా స్థాయిలో పనికొస్తుంది.

ఉప్పు ఎంత తింటున్నారో నోటి మాట మీద తేలదు. ఆవకాయ జాడీలో వేసిన ఉప్పు, రాళ్లుప్పు పిడికిలి కొలత, ఎవరూ గుర్తుపెట్టుకోరు. తిన్న ఉప్పు చాలావరకు మూత్రంలోనే బయటికి పోతుంది కాబట్టి 24 గంటల మూత్రం పట్టడం ఒక్కటే దారి. మూడు లీటర్ల క్యాన్, పిడి ఉన్న మగ్గు, బయటికి కనపడకుండా నల్ల సంచి ఇస్తాం. పొద్దున్న మొదటిసారి పోసింది పారబోసి ఆ టైం రాయాలి, మర్నాడు అదే టైంకి పోసింది క్యాన్‌లో పట్టాలి. సగం తప్పులు ఈ రెండు చివర్లలోనే. నాట్లు, కలుపుతీత రోజుల్లో ఆడవాళ్లను అడగకూడదు, పొలంలో పోసింది రాదు, సంచి మోసుకెళ్లమనడం అవమానం. 1.6 లీటర్లు వచ్చి, లీటరుకి సోడియం 110 మిల్లీమోల్ అయితే మొత్తం 176. గ్రాము ఉప్పులో సోడియం 17.1 మిల్లీమోల్ కాబట్టి, దాన్ని 17.1తో భాగిస్తే 10.3 గ్రాముల ఉప్పు, డబ్ల్యూహెచ్‌ఓ చెప్పే 5 గ్రాములకు రెట్టింపు. మూత్రం మొత్తం పట్టారో లేదో తెలియడానికి అదే క్యాన్‌లో క్రియాటినిన్ కూడా చూడాలి. 50 కిలోల ఆడమనిషికి రోజుకు 550 మిల్లీగ్రాముల లోపు వస్తే కొంత మూత్రం పోయిందని అనుమానించాలి.

ప్రతి శనివారం డేటా తెరవాలి. డిజిటల్ మిషన్‌లో చివరి అంకె సున్నా నూటికి పదిసార్లే రావాలి. ఒకరి రీడింగుల్లో ముప్ఫైసార్లు వస్తే ఆ మనిషి మిషన్ చూడకుండా రాస్తున్నట్టు. నిజంగా కొలిస్తే మూడో రీడింగు మొదటిదానికన్నా సగటున కాస్త తక్కువ ఉంటుంది, కూర్చుని రాసేసిన డేటాలో ఆ తగ్గుదల కనపడదు. ఇద్దరు మనుషుల మధ్య ఎనిమిది నిమిషాలే తేడా ఉంటే, అయిదు నిమిషాల విశ్రాంతీ మూడు రీడింగులూ ఇమిడే దారి లేదు. ఇలా పట్టుకున్నప్పుడు తిట్టి పంపేయడం కన్నా, రోజుకి ఎన్ని ఇళ్లు అప్పజెప్పామో చూడాలి. పన్నెండు ఇళ్లు చేయమన్నామంటే అబద్ధాలు రాయమని మనమే చెప్పినట్టు. ఆరు మించకూడదు.

చివరి లెక్క, ఇంత చేశాక, చిన్నదే. ఎవరికి ఏ ఊరు పడిందో ఆ ఊరి లెక్కలోనే ఉంచాలి, ఆశా కార్యకర్త ఒక్కసారీ వెళ్లని ఇంటివాళ్లు కూడా. ఒకే ఊరివాళ్ల మధ్య పోలికను లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ నడిపి, మొదటి బీపీని సర్దుబాటు చేస్తాం. దానికి ముందు ఒక కాగితం మీద 16 ఊళ్ల సగటు మార్పులు ఒకవైపు, 16 ఊళ్లవి ఇంకోవైపు రాసి, 32 అంకెలతో, రెండు వైపుల సగటులను పోల్చే మామూలు టీ-టెస్ట్ చేస్తాను. కంప్యూటర్ చెప్పినదీ కాగితం చెప్పినదీ బాగా వేరైతే, తప్పు ప్రోగ్రాంలో ఉందని ఇప్పటికే చాలాసార్లు తేలింది: ఎక్కువగా ఊరి కోడ్ రెండు రకాలుగా టైపయి ఉంటుంది.

మధ్యలో పోయినవాళ్ల పట్టిక ఫలితం పక్కనే ఉండాలి. కార్యక్రమం ఊళ్లలో 18 శాతం, కంట్రోల్‌లో 9 శాతం పోతే, "ఉప్పు మానమని నెలనెలా వస్తారు" అని విసిగిపోయి తలుపు తీయనివాళ్లు అందులో ఉండొచ్చు, వాళ్ల బీపీ ఎక్కువే ఉండొచ్చు. వాళ్లందరికీ 5 పాయింట్లు, తరవాత 10 పాయింట్లు ఎక్కువ వేసి ఫలితం నిలుస్తుందో లేదో చూడాలి.

తేడా మైనస్ 2.1, 95 శాతం హద్దులు మైనస్ 5.0 నుంచి ప్లస్ 0.8 వచ్చిందనుకోండి. ఒక పరిశోధన పేపరు "ప్రభావం లేదు" అంటుంది, ఒక వార్తాపత్రిక "బీపీ తగ్గింది" అంటుంది. రెండూ రాయకూడదు. అయిదు పాయింట్లు తగ్గించి ఉండొచ్చు, ఏమీ చేయకపోయి ఉండొచ్చు, ఒక పాయింటుకు మించి పెంచి ఉండే అవకాశం తక్కువ. మూడు అంకెలూ ఒకే వరసలో వేసి, ఇదే వాక్యాన్ని నివేదిక మొదటి పేజీలో, ఊళ్లలో పంచే కరపత్రంలో, పీహెచ్‌సీ డాక్టరుకి ఇచ్చే ఉత్తరంలో పెట్టాలి.